చిన్న పద్యము – దాని బలమును, దాని బాధ్యతయు

కవిత్వమును కొలుచుటకు మనవారికి చిరకాలముగా నలవాటైన కొలబద్ద యొకటి కలదు. గ్రంథ మెంత పెద్దదియో కవి యంత గొప్పవాడు. పదునెనిమిది పర్వముల భారతమును తెలిగించినవారు కవిత్రయ మైరి. విడిపద్యములు చెప్పినవానిని చాటుకవి యని మర్యాదగానే ప్రక్కకు నెట్టుదుము. అయినను మన యిండ్లలో జరుగుచున్నదేమి? అటకమీది భారతమునకు దుమ్ము పట్టియుండును. వంటయింటిలోని తల్లి, పొలమునుండి వచ్చిన తండ్రి, పలక పట్టిన పిల్లవాడు, ఈ మువ్వురి నాలుకలమీదను ఆడుచుండునది నాలుగు పాదముల చిన్న పద్యమే. పెద్ద కావ్యమును మనము గౌరవింతుము. చిన్న పద్యముతో కాపురము చేయుదుము.

ఈ భేదమేల కలిగినది? ఇంత చిన్న వస్తువునం దంతటి యాకర్షణ యెక్కడిది? ఇది మొదటి ప్రశ్న. నాలుకపై నిలిచినంతమాత్రమున నది మేలైనదే యగునా? ఇది రెండవ ప్రశ్న. మొదటిది సాహిత్యమునకు సంబంధించినది, రెండవది ధర్మమునకు సంబంధించినది. ఈ రెండు ప్రశ్నలకును మూల మొక్కటియే యని చూపుట యీ వ్యాసమున మా యుద్దేశము.

మొదటి ప్రశ్నకు సులభముగా తోచు సమాధానము ధారణసౌకర్యము. కందపద్యము నాలుగు పాదములకును గలిపి 64 మాత్రలు మాత్రమే. ఆటవెలదికి బేసిపాదమున మూడు సూర్యగణములును రెండింద్రగణములును, సరిపాదమున నైదు సూర్యగణములును. అంతకుమించి చోటు లేదు. వేమన పద్యములలో సాధారణముగా నాల్గవ పాదము మకుటమునకే చెల్లిపోవును గనుక, కవి తన లోకానుభవమునంతయు మూడు పాదములలో నిముడ్చుకొనవలెను. మఱచిన మాటను యతిస్థానము తిరిగి యందించును. నడక తడబడినచోట నాలుకయే తప్పు పట్టుకొనును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో నచ్చొత్తించువఱకు ఇవి తాటియాకులమీదను, అంతకంటె నెక్కుడుగా జనుల నోళ్లయందును బ్రతికినవి.

ఇది సామాన్యమైన యుపకారము కాదు. పెద్ద కావ్యమునకు వ్రాయించుకొనువాడు కావలెను, చదివి యర్థము చెప్పువాడు కావలెను, కూర్చుండి వినుటకు తీరిక గలవారు కావలెను. చిన్న పద్యమునకు నాలుక యొక్కటి చాలును. చదువు కొందఱి సొత్తై, మిగిలినవారికి గడప దాటరానిదై యున్న కాలమున, దొంగలెత్తుకొనిపోనిదియు, దొరలు జప్తు చేయనిదియు నగు విద్య కూలివానికి దక్కినదన్న, అది యీ చిన్న పద్యమువలననే దక్కినది. నీరు తోడుచు, కలుపు తీయుచు, బిడ్డ నూపుచు చదువుకొనదగిన గ్రంథము మఱియొకటి లేదు.

అయినను ధారణసౌకర్య మొక్కటే కారణమన్నచో ఎక్కములు గూడ కవిత్వమే కావలసియుండును. అవియు చిన్నవే, అవియు నాలుకపై నిలుచును. కాని పదాఱు పదాఱులు 256 అని తలచుకొని కన్నీరు పెట్టినవా డెవడును లేడు. కావున చిన్న పద్యమున జ్ఞాపకముకంటె లోతైన గుణ మేదియో యుండవలెను. దానిని వెదకుటకు మన గోదావరితీరమునకే పోవుదము.

శాతవాహనప్రభువైన హాలుని పేర ప్రసిద్ధమైన గాథాసప్తశతి ప్రాకృతభాషలోని సంకలనము. పేరునకు తగినట్లు దాదాపు 700 గాథలు. ఒక్కొక్కటి రెండేసి పాదములు. అందు రాజులు, దండయాత్రలు లేవనవచ్చును. కాపుపడుచులు, దున్నెడివారు, అత్తలు, కోడండ్రు, దూరదేశము పోయిన మగనికై దినములు లెక్కించుకొను నిల్లాండ్రు, వీరే యందలి నాయికానాయకులు. గోదావరి పలుమాఱు పేర్కొనబడినది. శ్రీనాథుడు దీనిని తెలిగించెనని ప్రసిద్ధి. ఆ గ్రంథము మనకు దక్కలేదు. తర్వాతికాలమున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఈ గాథలలో మేలైనవానిని తెలుగువారికి మరల నందించిరి.

ఇందలి గాథ యొకదానిని తొమ్మిదవ శతాబ్దికి చెందిన కాశ్మీరపండితుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున నుదాహరించెను. నదీతీరమున తిరుగుటకు వచ్చు భక్తుడొకడు. అతనిని భయపెట్టుచుండిన కుక్క యొకటి. ఆ కుక్కను పొదలోని సింహము చంపినదనియు, ఇక నిర్భయముగా తిరుగుమనియు చెప్పు స్త్రీ యొకతె. మాటలను బట్టి చూచిన నది యనుమతి. కాని కుక్కకే వెఱచువాడు సింహమున్నచోట కాలు పెట్టునా? అది నిషేధము. ఆమె యా చోటికి మఱొకరు రాకూడదని యేల కోరుచున్నదో గాథలో లేదు. అది ప్రియునితో సంకేతస్థలమని వినువాడు గ్రహించును. గ్రహించిన మరుక్షణమున నామె భయమును, నేర్పును, ఆమె చుట్టు కన్ను లప్పగించి చూచుచున్న యూరును గూడ గోచరించును. రెండు పాదములు ఒక గ్రామమంత యగును.

ఇచ్చట జరిగినదేమి? కవి సగము చెప్పి యూరకున్నాడు. మిగిలిన సగమును వినువాడు పూరించినాడు. ఆ పూరణమే యానందము. అమరుకుని విడిశ్లోక మొక్కొక్కటి ప్రబంధమంతటి రసము గలదని యాలంకారికుడు ప్రశంసించుటకు కారణ మిదియే. శ్లోకము చిన్నది; దాని నాధారము చేసికొని వినువాని మనస్సు చేయు ప్రయాణము పెద్దది.

ఈ గుణమునకు సాహిత్యమున ధ్వని యని పేరు. దీనికి ధర్మశాస్త్రమున గూడ నొక పేరు పెట్టవలసివచ్చిన, మేము నమ్మక మని పెట్టుదుము. అంతయు విప్పి చెప్పువాడు, వినువానికి తెలియదేమో యని శంకించుచున్నాడు. కొంత చెప్పి విడుచువాడు, “తక్కినది నీవే యెఱుగుదు” వని వినువానిని తనతో సమానునిగా కూర్చుండబెట్టుచున్నాడు. విస్తరిలో వడ్డించుట యింటివారి పని. ముద్ద కలిపి నోటిలో పెట్టుట పసిబిడ్డలకు మాత్రమే చేయు మర్యాద.

ఇట్లు విడిచిపెట్టుటను పరమావధికి కొనిపోయినవారు జపానుదేశీయులు. వారి హైకు 5, 7, 5 చొప్పున 17 ధ్వనిమాత్రలలో ముగియును. అది మొదట పలువురు కవులు కూడి యల్లు గొలుసుకవితకు తొలి ఖండమై యుండెను. బషో (1644–1694) దానికి గౌరవమును సంపాదించెను. షికి (1867–1902) దానిని గొలుసునుండి విడదీసి, హైకు అను పేరుతో స్వతంత్రమైన ప్రక్రియగా నిలిపెను. రవీంద్రనాథ ఠాకూరు 1916లో జపాను పోయినపుడు ఈ పద్యములను జూచి ముగ్ధుడై, తన యాత్రాగ్రంథమున వానిని వివరించెను. చీనా జపానుదేశములలో జనులు విసనకఱ్ఱలమీదను పట్టుగుడ్డ ముక్కలమీదను తమ కేదియైన వ్రాసియిమ్మని యడుగుచుండగా, ఆయన చిన్ని చిన్ని కవితలు వ్రాయనారంభించెను. 1928లో మిణుగురుల పేర వెలువడిన యాయన యాంగ్లగ్రంథమునకు బీజ మిదియే. విసనకఱ్ఱమీద మహాకావ్యము పట్టదు. కాని విసరినపుడెల్ల గాలితోపాటు కవితయు తగులుట పట్టుబట్టల గ్రంథమునకు లేని భాగ్యము.

చిన్న పద్యము వ్రాయుటకు చిన్న శ్రమ చాలునని తలచువా రొక వృత్తాంతము నాలకింపవలెను. ఎజ్రా పౌండ్ అను అమెరికా కవి పారిసు నగరమున భూగర్భరైలు దిగి వచ్చుచు, గుంపులో కొన్ని సుందరమైన ముఖములను జూచెను. ఆ యనుభవమును ముప్పది పాదముల కవితగా వ్రాసి చించివైచెను. ఆఱుమాసములకు దానిలో సగము పరిమాణము గల కవిత వ్రాసెను. ఏడాదికి పిమ్మట రెండు పాదములు మిగిలినవి. 1913లో ప్రకటితమైన యా రెండు పాదములే నేడు విశ్వవిద్యాలయములయందు బోధింపబడుచున్నవి. కవితలోని మాటలకంటె కవితలోనుండి తీసివేసిన మాటలెక్కువ. లఘుత్వము లోభము కాదు, త్యాగము.

ఈ త్యాగము తెలుగున గూడ నిటీవలికాలమున పలువురకు ప్రీతిపాత్ర మైనది. 1970 తర్వాత మినీకవిత యను పేరు వ్యాపించినది. చిత్రకారుడును, ఛాయాగ్రాహకుడును నైన అలిశెట్టి ప్రభాకర్ (మరణము 1993) నగరజీవనములోని దైన్యమును ఛాయాపటమువలె నొక్క క్షణములో పట్టి చూపెను. ఇస్మాయిల్ (1928–2003) హైకును తెలుగు చెట్లకు, తెలుగు పిట్టలకు మచ్చిక చేసెను. ఎన్. గోపి 1997లో నానీలను ప్రవేశపెట్టెను. నాలుగు పాదములు, 20 మొదలు 25 వఱకు నక్షరములు. ఛందస్సు నభ్యసింపని గృహిణులును, గుమాస్తాలును, విద్యార్థులును గూడ కలము పట్టుటకు ధైర్యము తెచ్చుకొనిరి. ఇది సంతోషింపదగిన విషయము.

అయినను సులభముగా వచ్చుటలో నొక చిక్కు గలదు. దీర్ఘకావ్యము నసలే యొప్పుకొనని ఎడ్గార్ ఆలన్ పో గూడ, కవిత మితిమీరి చిన్నదైనచో వట్టి చమత్కారముగా దిగజారునని హెచ్చరించెను. నేడు ప్రతి యుదయమును సెల్‌ఫోనులలో పువ్వుల బొమ్మతో వచ్చు సూక్తులను జూడుడు. రెండే పాదములు, విన సొంపుగనే యుండును. వానిలో చెప్పక విడిచినది మాత్రము లేదు. ఎండబెట్టి రసము దాచుకొన్న ద్రాక్ష వేఱు, రసమే లేక పుట్టిన కాయ వేఱు. పరిమాణమున రెండును సమానమే.

రసహీనమైన పద్యమువలన కాలము వ్యర్థమగును. అంతకుమించి నష్టము లేదు. అసలు ప్రమాదము బాగుగా కుదిరిన పద్యమున నున్నది. మన రెండవ ప్రశ్న యిచ్చట నెదురగుచున్నది.

మన శతకములలో మేలైన నీతులతోపాటు మఱికొన్ని మాటలును గలవు. సుమతీశతకమున స్త్రీని నమ్మరాదను పద్యములు గలవు. కరణము మొదలగు వృత్తులవారిని మొత్తముగా నిందించు పద్యములు గలవు. వేమన పేర ప్రచారమందున్న వేలకొలది పద్యములలో కులగర్వమును చీల్చిచెండాడునవియు నున్నవి, స్త్రీని తక్కువపఱచునవియు నున్నవి. వానిలో నేవి యాయనవో, ఏవి తరువాతివారు చేర్చినవో తేల్చుట కష్టము. కాని పద్యమునకు కర్త యెవడైనను నడక యొక్కటే, తీపి యొక్కటే, ధారణసౌకర్య మొక్కటే. అయిదేండ్ల బాలిక తన జాతిని నిందించు పద్యమును తానే రాగము తీసి వల్లించి, బంధువులచేత చప్పట్లు కొట్టించుకొనును. దాని యర్థము తెలియు వయస్సు వచ్చునప్పటికి అది నాలుకనుండి నెత్తురులోనికి దిగియుండును. పెద్ద గ్రంథము బుద్ధి వచ్చిన తర్వాత మనయొద్దకు వచ్చును. చిన్న పద్యము బుద్ధికంటె ముందు వచ్చి యింటిలో పీట వేసికొనును.

అది పెద్దవారి చేతిలో పనిచేయు విధమును గూడ చూతము. ఇంటిలో ఆస్తి పంపకమునుగూర్చి మాట వచ్చును. 1956నాటి హిందూవారసత్వచట్టమును, 2005నాటి సవరణయు తనకిచ్చిన భాగమునుగూర్చి కుమార్తె మెల్లగా నడుగును. సమాధానము దొరకని పెద్ద యొకడు ఆడుదాని యాశనుగూర్చి పద్యపాద మొకటి చదువును. అందఱును నవ్వుదురు. చర్చ ముగియును. చట్టసభలు చేసిన శాసనము నొక్క పాదము గడప యవతల నిలిపివైచినది. ఆ పద్యము హేతువు చూపలేదు, సాక్ష్య మియ్యలేదు. యతి చెల్లినది, అంతే. యతి చెల్లినంతనే న్యాయము చెల్లినట్లు మనవారికి తోచుచున్నది.

కావున లఘుత్వము కత్తివంటిది కాదు, తలుపువంటిది. తెఱచుటకును మూయుటకును తలుపొక్కటే. గాథలోని స్త్రీ కొంత చెప్పి మానగా మనము లోనికి ప్రవేశించితిమి. పంపకమునాడు పెద్ద కొంత చెప్పి మానగా కుమార్తె వెలుపల నిలిచిపోయినది. రెండుచోట్లను పద్యము చిన్నదే, రెండుచోట్లను తర్వాత మౌనమే. ఆలోచనవలన కలిగిన మౌనము వేఱు, అవమానమువలన కలిగిన మౌనము వేఱు. ఏ చిన్న పద్యమునైనను పరీక్షించుటకు మేము సూచించు గుఱు తిది: పద్యము ముగిసిన తర్వాత నెవరికి మాటాడుటకు చోటు మిగిలినది? అందఱికిని మిగిలినచో నది కవిత్వము. చదివినవానికొక్కనికే మిగిలినచో, ఎంత చక్కని ఛందస్సులో నున్నను, అది దండన.

అట్లయిన నీతిపద్యములన్నియు త్యాజ్యములేనా యని చదువరు లడుగవచ్చును. కావు. 1330 ద్విపాదికలు గల తిరుక్కుఱళ్ళో నొక్కొక్క పద్యమునకు ఏడే పదములు, అంతయు నీతియే. అయినను మాట యెవరినోట విన్నను అందలి సత్యమును విచారించి తెలిసికొనుటయే వివేకమను భావముగల కుఱళు దానిలోనే యున్నది. తన్ను సైతము పరీక్షింపుమని చెప్పు చిన్న పద్యముకంటె నిజాయితీగల చిన్న పద్యము మఱేమి కావలెను? వేమన పద్యములలో మేలైనవియు నిట్లే నడచును. అవి రెండు వస్తువులను ప్రక్క ప్రక్కన నిలిపి, ‘పోల్చి చూచుకొను’ మని మనకు వదలును. మన తాతలు వానిని తలదాల్చినది ఆజ్ఞాపించినవని కాదు, ఆజ్ఞాపించువారి నెదిరించినవని.

చెడ్డ పద్యములను పుస్తకములనుండి తీసివేసిన చాలునని కొందఱు మిత్రులు చెప్పుదురు. పసిపిల్లల వాచకములనుండి తీసివేయుట యుక్తమే. కాని నాలుకమీది పద్యమును కత్తెరతో తీయలేము. దానికి మందు ప్రశ్న. మా తరగతిలో మేమనుసరించు పద్ధతి నిచ్చట విన్నవింతుము. పద్యము క్రింద భావ మచ్చువేయుట మన పాఠ్యపుస్తకముల యాచారము. పిల్లలు పద్యమును విడిచి భావమును వల్లించి మార్కులు తెచ్చుకొందురు. మేము భావమును కప్పివైచి మూడు ప్రశ్న లడుగుదుము. ఇది చెప్పుచున్నవా రెవరు? ఎవరితో చెప్పుచున్నారు? ఆ విన్నవారు తిరిగి మాటాడినచో నేమందురు? ఒకనాడు స్త్రీనింద గల పద్యమునకు మూడవ ప్రశ్న వేయగా, వెనుక వరుసలోని బాలిక లేచి, “ఈ కవిగారికి అన్నము వండిపెట్టిన దెవరండీ?” యని యడిగినది. తరగతి నవ్వినది. ఆ నవ్వు ఎవరి నోటిని మూయలేదు. మగపిల్లలలో నొకడు లేచి, తన తల్లి యెన్ని గంటలకు లేచునో చెప్పనారంభించెను. ఆ గంటలో శతకమునకు లోటు రాలేదు. దానికి లేని సగము చేరినది.

ఇండ్లలో గూడ నిది కష్టమైన పని కాదు. బిడ్డకు పద్యము నేర్పుడు. నేర్పిన దినముననే యర్థము చెప్పి ముగింపకుడు. రెండు దినములు దానిని నానబెట్టుడు. బిడ్డ చెప్పిన యర్థము మీ యర్థముకంటె వేఱైనను వెంటనే దిద్దకుడు. పద్యముతో తగవు పడుట పద్యము నవమానించుట కాదు. దానిని సజీవముగా నెంచుట. తల యూపించుకొనుటకొఱకే చదువబడు పద్యము కొంతకాలమునకు జోలపాట యగును, వినువారు నిద్రపోవుదురు.

పెద్ద కావ్యముల నిందించుట మా యభిమతము కాదు. అవి మనలను చేయి పట్టుకొని దూరము నడిపించును. పాత్రల తప్పొప్పులను కాలక్రమమున చూపి, తీర్పునకు కావలసిన సామగ్రి నంతయు మనముందుంచును. చిన్న పద్యమున కా యవకాశము లేదు. అది గడపయొద్ద దించి పోవును. అందుచేతనే పెద్ద కావ్యమున కవి బాధ్యత యెక్కువ, చిన్న పద్యమున మన బాధ్యత యెక్కువ.

క్రీ. పూ. 480లో థర్మోపిలే కనుమయందు పారసీక సైన్యము నెదిరించి స్పార్టావీరులు మరణించిరి. వారి సమాధిస్థలమున చెక్కబడిన రెండు పాదములు సైమొనిడీస్ కవి పేర ప్రచారమందున్నవి. అందు యుద్ధవర్ణన లేదు, శత్రునింద లేదు. మృతులు ఆ దారిని పోవు బాటసారి నాపి, తాము తమవారి యాజ్ఞకు లోబడి యిచ్చట పడియున్నామను వార్తను స్వదేశమునకు చేర్చుమని కోరుదురు. రెండువేల యైదువందల యేండ్లు కడచినవి. ఒకడా పాదములలో వీరధర్మమును చూచును. మఱొకడు ఆ యాజ్ఞ యిచ్చినవా రెవరని యడుగును. పద్యము ఇద్దఱిని నడ్డగింపదు. చిన్న పద్యములన్నియు నిట్టి త్రోవప్రక్క రాళ్లే. అవి తమంతట కదలలేవు. పోవువా డొకడు నిలిచి, చదివి, మోసికొనిపోవలెను. చేరవేయుచున్న వార్త యెట్టిదో, అది యెవరి యింట దీపము పెట్టునో, ఎవరి నోరు నొక్కునో చూచుకొనుట రాతి ధర్మము కాదు, బాటసారి ధర్మము.